ఎవరి పంటి మీద కొలిచిన బలం ఇది?

ఈమధ్య హైదరాబాదులో డెంటిస్టుల కోసం పెట్టిన ఒక సీడీఈ (వృత్తిలో ఉన్నవాళ్ళకి కొత్త విషయాలు నేర్పే) కార్యక్రమానికి వెళ్ళాను. కొత్తగా వచ్చిన ఒక బాండింగ్ ఏజెంట్ (ఫిల్లింగ్‌ని పంటికి అతికించే జిగురు, క్లుప్తంగా బాండ్) గురించి చెప్పడానికి వచ్చిన వక్త తెర మీద బార్ గ్రాఫ్ వేశారు. మిగతా కంపెనీల బాండ్లన్నీ పొట్టి గీతలు, వాళ్ళది పొడుగు గీత, దాని నెత్తిన నలభై పైచిలుకు మెగాపాస్కల్స్ (అతుకు బలాన్ని కొలిచే ప్రమాణం) అన్న అంకె. హాల్లో చాలామంది ఫోన్లు తీసి ఫోటో కొట్టుకున్నారు. నేను చెయ్యెత్తి, "ఎలాంటి డెంటిన్ మీద కొలిచారు సర్?" అని అడిగాను. డెంటిన్ అంటే పంటి పైనున్న గట్టి పొర ఎనామిల్‌కి కింద ఉండే భాగం. "హ్యూమన్ థర్డ్ మోలార్స్ మేడమ్, స్టాండర్డ్ ప్రోటోకాల్" అన్నారాయన.

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఏమీ లేదు. పంటికి జిగురు ఎంత గట్టిగా పడుతుందో పరీక్షించే పద్ధతికి ఐఎస్‌ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) పత్రం ఒకటి ఉంది, నంబరు 11405. వీలైతే 16 నుంచి 40 ఏళ్ళ మధ్య వయసువాళ్ళ జ్ఞానదంతాలు వాడమని, పీకిన ఆరు నెలలు దాటకుండా వాడమని అందులోనే రాశారు. మనిషి పళ్ళు దొరక్కపోతే ఐదేళ్ళు మించని పశువుల ముందు పళ్ళు వాడుకోవచ్చు. అంటే ఆ పొడుగు గీత వెనక ఉన్నది పుచ్చు పట్టని, అరగని, చాలాసార్లు చిగురు దాటి పూర్తిగా బయటికే రాని ఒక కుర్ర పన్ను. దాన్ని అడ్డంగా కోసి, నున్నగా అరగదీసి, బాండ్ రాసి, కాంపోజిట్ (పంటిరంగు ఫిల్లింగ్) పెట్టి, 37 డిగ్రీల నీళ్ళలో ఒక రోజు ఉంచి లాగి చూస్తారు.

నేను నల్గొండ వైపు ఒక చిన్న ఊళ్ళో ప్రాక్టీసు చేస్తాను. నా చెయిర్‌లో కూర్చునేవాళ్ళలో ఎక్కువమందికి యాభై దాటాయి. చిగురు పక్కన గాడి పడ్డ పళ్ళు, సగం దాకా పుచ్చిపోయిన దవడ పళ్ళు, చిన్నప్పుడు తాగిన బోరు నీళ్ళకి పచ్చగా, గోధుమరంగుగా మారిన పళ్ళు. నేను బాండ్ రాసేది వీటి మీద. వీటిలో ఒక్కటి కూడా ఆ గ్రాఫ్‌లోని పన్ను లాంటిది కాదు.

అందుకే నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. ఏ డెంటిన్ మీద అని చెప్పకుండా బాండ్ బలం ఇంత అని ఒక్క అంకె చెప్పడం మనం మానెయ్యాలి. కంపెనీలు మానెయ్యాలి, పీజీ థీసిస్‌లు మానెయ్యాలి, ఒకరినొకరు "ఏ బాండ్ మంచిది?" అని అడిగే మనమూ మానెయ్యాలి.

ఒకే పంటిలో ఎన్నో డెంటిన్లు

ఎనామిల్ సంగతి వేరు. అది బరువులో 96 శాతం దాకా ఖనిజమే. 1955లో అమెరికాలో బువోనోకోర్ ఫాస్ఫారిక్ ఆసిడ్ రాసి ఎనామిల్‌ని గరుకు చేసి రెజిన్ (బాండ్‌లో, కాంపోజిట్‌లో ఉండే ప్లాస్టిక్ లాంటి పదార్థం) అతికించినప్పటి నుంచి ఇప్పటి దాకా ఎనామిల్ మనల్ని పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. ఇబ్బందంతా దాని కింద ఉండే డెంటిన్‌తోనే. అందులో ఖనిజం ఉంది, కొలాజెన్ ఉంది, నీళ్ళున్నాయి. రెజిన్‌కి నీళ్ళంటే పడదు. ప్రాణమున్న పంటిలో ఆ నీళ్ళు లోపలి పల్ప్ (నరం, రక్తనాళాలుండే మెత్తని భాగం) వైపు నుంచి బయటికి ఊరుతూనే ఉంటాయి.

పైగా డెంటిన్ అంతా ఒకే తీరుగా ఉండదు. ఎనామిల్‌కి దగ్గరగా ఉన్నచోట చదరపు మిల్లీమీటరుకి దాదాపు ఇరవై వేల సన్న గొట్టాలుంటాయి. పల్ప్ దగ్గరికి వెళ్ళేసరికి వాటి సంఖ్య రెండింతలు దాటుతుంది, ఒక్కో గొట్టం వెడల్పూ పెరుగుతుంది. పైన గొట్టాలు ఆక్రమించే చోటు ఒక్క శాతం ఉంటే లోతున ఇరవై శాతం దాటుతుందని డెంటిన్ పరిశోధకుడు పాష్లే లెక్క కట్టారు. అంటే బర్ (పన్ను తొలిచే మొన) ఒక మిల్లీమీటరు లోపలికి దిగితే నా బాండ్ తాకే పదార్థమే మారిపోతుంది. పైపైన గొట్టాల మధ్య గట్టి డెంటిన్ పుష్కలంగా ఉంటుంది. లోతున అది తగ్గి తడి పెరుగుతుంది. ఎచ్ చేసి (ఆసిడ్‌తో గరుకు చేసి) కడిగి రాసే రకం (ఎచ్ అండ్ రిన్స్) బాండ్లు లోతు డెంటిన్ మీద తేలిపోయేది అందుకే. ల్యాబ్‌లో కోసిన పంటికి వెనకనుంచి తోసే ఒత్తిడి సాధారణంగా ఉండదు. కొందరు పరిశోధకులు ట్యూబు తగిలించి ఆ ఒత్తిడిని కూడా పెట్టి కొలిచారు. అలా కొలిస్తే చాలా బాండ్ల అంకెలు కిందికి దిగుతాయి.

నకబయాషి 1982లో జపాన్‌లో చూపించిన హైబ్రిడ్ లేయర్ గురించి చదువుకోని డెంటిస్టు ఉండరు. ఆసిడ్ ఖనిజాన్ని తీసేశాక మిగిలిన కొలాజెన్ పీచుల మధ్యకి రెజిన్ వెళ్ళి గట్టిపడటమే అది. పుస్తకంలో బొమ్మ చాలా అందంగా ఉంటుంది. ఆ బొమ్మ కూడా ఆరోగ్యంగా ఉన్న డెంటిన్‌దే అని గుర్తుపెట్టుకోవాలి. ఆసిడ్ ఖనిజాన్ని సరిగ్గా తీయలేని డెంటిన్‌లో ఏమవుతుంది? ముందే కొలాజెన్ చెడిపోయిన డెంటిన్‌లో ఏమవుతుంది? నాకు రోజూ ఎదురయ్యేవి ఈ రెండు ప్రశ్నలే.

చిగురు పక్కన గాడి

ఒక పెద్దాయన వచ్చారు. అరవై దాటిన రైతు. కుడిచేత్తో గట్టిగా తోమేవాళ్ళకి ఎడమవైపు కోరపన్ను, దాని వెనక పళ్ళు ఎక్కువ అరుగుతుంటాయి. ఆయనకీ సరిగ్గా అక్కడే, చిగురును ఆనుకుని గొడ్డలితో వేటు వేసినట్టు గాడి పడింది. వేరేచోట అందులో సిమెంట్ పెట్టించుకున్నారు. ఊడింది. మళ్ళీ పెట్టించుకున్నారు, మళ్ళీ ఊడింది.

"మల్ల ఊడింది బిడ్డా. బువ్వ తింటుంటే నోట్లకొచ్చింది. గట్టియి తినకు అన్నరు, జొన్నరొట్టె గూడ బంద్ జేసిన. అయినా నిల్వలే."

ఆ మాట విన్నప్పుడు నాకు చాలా బాధేసింది. ఫిల్లింగ్ ఊడినందుకు ఆయన తన తిండి మార్చుకున్నారు. తప్పు తనదే అనుకున్నారు.

లైటు దగ్గరికి లాగి చూశాను. గాడి అడుగు గాజులా మెరుస్తోంది, తేనెరంగుకీ గోధుమరంగుకీ మధ్య ఉంది. ప్రోబ్ పెట్టి గీస్తే ఎక్కడా పట్టు దొరక్కుండా జారిపోయింది. త్రీ-వే సిరంజ్‌తో గాలి కొట్టాను. ఆయన కళ్ళు కూడా ఆర్పలేదు. "జివ్వుమంటుందా పెద్దాయనా?" అని అడిగితే, "ఏం లేదు బిడ్డా" అన్నారు.

ఆ "ఏం లేదు"లోనే అసలు సమాధానం ఉంది. అంత లోతు గాడిలో చల్లగాలి కొడితే పన్ను జివ్వుమనాలి. అనలేదంటే గొట్టాలు మూసుకుపోయాయని అర్థం. ఏళ్ళ తరబడి రాపిడికి, ఆసిడ్‌కి తట్టుకోవడానికి పన్ను తన గొట్టాల్లో తానే ఖనిజం నింపుకుంది. పైన అతి గట్టి పొర ఒకటి కట్టుకుంది. దీన్నే స్క్లెరోటిక్ డెంటిన్ అంటాం. పన్ను తనను తాను కాపాడుకోవడానికి చేసుకున్న పని ఇది, చాలా మంచి పని. మన బాండ్‌కి మాత్రం అదే ఆటంకం. మామూలు డెంటిన్ కోసం పెట్టుకున్న పదిహేను సెకన్ల ఎచ్ ఆ పై పొరను సరిగ్గా తొలిచేది కాదు. గొట్టాల్లోని ఖనిజం ఆసిడ్‌కి తొందరగా కరగదు, కాబట్టి రెజిన్ వేళ్ళు లోపలికి దిగవు. హైబ్రిడ్ లేయర్ పలచబడుతుంది, కొన్నిచోట్ల ఏర్పడదు కూడా. టే, పాష్లే రాసిన సమీక్షలో ఈ డెంటిన్ మీద బాండ్ బలం మామూలు డెంటిన్‌తో పోలిస్తే 20 నుంచి 45 శాతం దాకా తగ్గుతుందని ఉంది.

నేను ముందు బర్‌తో ఆ మెరుపంతా పోయేదాకా గరుకు చేశాను. తర్వాత చిగురు దగ్గర తడి ఆపి, గ్లాస్ అయానమర్ (పంటికి తనంత తానే అతుక్కునే సిమెంట్) పెట్టాను. అది ఇప్పటికీ ఉంది. ఒక్క పంటితో ఏదీ రుజువైపోదని నాకు తెలుసు, రుజువు కోసం చెప్పడం లేదు. ఆయన మళ్ళీ జొన్నరొట్టె తింటున్నారని చెప్పడానికి చెబుతున్నాను.

"గట్టివి కొరికావా?" అని పేషెంటుని అడగడానికి ముందు "నేను దేని మీద అతికించాను?" అని డాక్టరు తనను తాను అడగాలి. మన దగ్గర వేపపుల్లలు, పళ్ళపొడులు, గట్టి బ్రష్షులు వాడిన తరం ఇంకా ఉంది. ఉప్పు, బొగ్గు, కచ్చిక వేసి తోమినవాళ్ళు ఇంకా వస్తున్నారు. ఇలాంటి గాళ్ళు వాళ్ళలో చాలా మామూలు. అరుదైన కేసుగా పుస్తకం చివర్న చదువుకోవాల్సిన డెంటిన్ కాదిది.

పుచ్చు వదిలెయ్యమన్నాక

రెండో రకం ఇంకా ఎక్కువ. పుచ్చిపోయిన పన్ను.

మేం చదువుకునే రోజుల్లో పుచ్చంతా గట్టి డెంటిన్ తగిలేదాకా తవ్వాలనేవారు. ఇప్పుడు ఆ మాట పోయింది. 2016లో వచ్చిన అంతర్జాతీయ ఏకాభిప్రాయ పత్రం ప్రకారం లోతు పుచ్చులో పల్ప్ దగ్గర మెత్తని డెంటిన్‌ని కావాలనే వదిలెయ్యాలి. నరం బయటపడకుండా చూడటం ముఖ్యం. అంచుల చుట్టూ మాత్రం శుభ్రంగా గట్టి డెంటిన్ దాకా తియ్యాలి. నేను ఈ పద్ధతిని మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. దీనివల్ల ఎన్నో పళ్ళు రూట్ కెనాల్ దాకా వెళ్ళకుండా ఆగుతున్నాయి.

అయితే దాని వెనకే ఒక ప్రశ్న వస్తుంది. కావాలని వదిలిన ఆ డెంటిన్ మీద మన బాండ్ ఎంత పడుతుంది? పుచ్చు సోకిన డెంటిన్‌లో ఖనిజం పోయి ఉంటుంది, నీరు ఎక్కువ, కొలాజెన్ బలహీనపడి ఉంటుంది. ఆసిడ్ అందులో లోతుగా దిగుతుంది, రెజిన్ మాత్రం అంత లోతు దాకా నిండదు. హైబ్రిడ్ లేయర్ మామూలు కంటే మందంగా కనిపిస్తుంది, లోపల మాత్రం ఖాళీలుంటాయి. 1990ల నుంచి జపాన్‌లో నకజిమా, తగామి లాంటివాళ్ళు దీన్ని పరీక్షించి చూపించారు. మామూలు డెంటిన్ కంటే పుచ్చు ప్రభావం పడ్డ డెంటిన్ మీద బలం తక్కువ. బాగా మెత్తబడి క్రిములున్న పై పొర మీద ఇంకా తక్కువ.

దీనికి ఒక ఎదురువాదన ఉంది, దాన్ని నేను కొట్టిపారెయ్యలేను. మధ్యలో బలం తక్కువైతే ఏం, అంచుల్లో ఎనామిల్, గట్టి డెంటిన్ ఉన్నాయి కదా, ఆ వలయం గట్టిగా పట్టుకుంటే లోపలికి తడి, క్రిములు వెళ్ళవు, ఫిల్లింగ్ నిలబడుతుంది అంటారు. నాలుగువైపులా గోడలున్న గుంటలో ఇది నిజమే. కానీ రెండు పళ్ళ మధ్య పుచ్చినప్పుడు చిగురు వైపు అంచు చాలాసార్లు ఎనామిల్ దాటి వేరు మీదికి వెళ్ళి ఉంటుంది. అక్కడ వలయం పూర్తికాదు. చెయ్యడానికి వీలు తక్కువ, తడి ఎక్కువ, డెంటిన్ బలహీనం, అన్నీ ఆ ఒక్కచోటే కలుస్తాయి. కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ పుచ్చు మొదలయ్యేది కూడా ఎక్కువగా అక్కడే. ఆ అంచు మీద కొలిచిన గ్రాఫ్ ఎవరైనా చూపిస్తే నేనూ ఫోటో తీసుకుంటాను.

మా నీళ్ళు, మా పళ్ళు

1937లో షార్ట్, ఆయన తోటి వైద్యులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి ఫ్లోరోసిస్ గురించి రాశారు. మన దేశంలో ఈ జబ్బుని వైద్యశాస్త్రం గుర్తించిన తొలి నివేదికల్లో అదొకటి. నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించడానికి పటిక, సున్నం కలిపే పద్ధతికి "నల్గొండ టెక్నిక్" అనే పేరు ప్రపంచమంతా ఉంది. మా జిల్లా పేరు శాస్త్ర పుస్తకాల్లోకి ఎక్కింది అలా.

మిషన్ భగీరథ వచ్చాక కృష్ణా నీళ్ళు తాగి పెరుగుతున్న పిల్లల పళ్ళు తేటగా కనిపిస్తుంటే నాకు కలిగే సంతోషం మాటల్లో చెప్పలేను. అయితే పన్ను ఒకసారి తయారయ్యాక మారదు. ముందు పళ్ళ ఎనామిల్ బడికి వెళ్ళడం మొదలుపెట్టే వయసుకే దాదాపు పూర్తవుతుంది. 1980ల్లో, 90ల్లో బోరు నీళ్ళు తాగి పెరిగినవాళ్ళు ఇప్పుడు ముప్పై, నలభై, యాభైల్లో ఉన్నారు. ఆ పళ్ళతోనే ఇంకో ముప్పై, నలభై ఏళ్ళు బతకాలి.

వాళ్ళు నా దగ్గరికి ఎక్కువగా మచ్చలు కప్పించుకోవడానికి వస్తారు. పెళ్ళి కుదిరిందని ఒకరు, కొత్త ఉద్యోగం ఇంటర్వ్యూ ఉందని ఒకరు. నవ్వుతూ ఫోటో దిగని మనుషులు వీళ్ళు. మాట్లాడుతూ మాట్లాడుతూ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటారు. మచ్చ మరీ ముదిరితే ఎనామిల్ పెచ్చులు ఊడి కింద డెంటిన్ బయటపడి ఉంటుంది. కాంపోజిట్ పట్టుకోవాల్సింది ఈ రెండిటినీ.

ఫ్లోరైడ్ ఎక్కువున్న ఖనిజం ఆసిడ్‌కి త్వరగా లొంగదు. ఫ్లోరోసిస్ ఎనామిల్ పై పొర గట్టిగా ఉండి ఎచ్‌ని ఎదిరిస్తుంది, దాని కింది పొరలో ఖనిజం తక్కువై గుల్లగా ఉంటుంది. డెంటిన్‌లో కూడా ఖనిజం సరిగ్గా పేరుకోని చారలు, వంకర గొట్టాలు కనిపిస్తాయి. టర్కీ, శ్రీలంక లాంటి చోట్ల ఫ్లోరోసిస్ ప్రాంతాల పళ్ళ మీద బాండ్ పరీక్షలు చేశారు. ఫలితాలు అన్నీ ఒకేమాట చెప్పవు. మచ్చ తీవ్రతను బట్టి, బాండ్ రకాన్ని బట్టి మారుతుంటాయి. మచ్చ ముదిరినకొద్దీ పట్టు కష్టమవుతుందన్నది మాత్రం నా చేతికి రోజూ తెలిసే విషయమే. సుద్దలాంటి తెలుపు రావడానికి పట్టే ఎచ్ సమయం మామూలు పంటికీ, ఈ పంటికీ ఒకటి కాదు.

నాకు నిజంగా కోపం వచ్చే విషయం ఇదే. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇన్ని డెంటల్ కాలేజీలున్నాయి. ఎండీఎస్ (డెంటల్ పీజీ)లో చేరిన ప్రతి విద్యార్థీ ఒక థీసిస్ రాయాలి. కన్జర్వేటివ్ (ఫిల్లింగులు, రూట్ కెనాల్ చేసే) విభాగంలో బాండ్ బలం మీద రాసినవి కుప్పలుగా ఉంటాయి. వాటిలో ఎక్కువ శాతం ఆరోగ్యంగా ఉన్న జ్ఞానదంతాల మీదో, క్లిప్పులు వెయ్యడానికి పీకిన కుర్రపిల్లల ప్రీమోలార్ల (కోరపన్ను వెనక పళ్ళ) మీదో. బయటి దేశాలవాళ్ళు ఇప్పటికే చేసిన పరీక్షని, వాళ్ళు ఇప్పటికే వాడిన రకం పంటి మీద, మనం మళ్ళీ చేస్తున్నాం. ఫ్లోరోసిస్ పళ్ళు మాత్రం చిగుళ్ళ జబ్బుతో కదిలిపోయి మన ఓపీలోనే రోజూ ఊడి వస్తున్నాయి, చెత్త సంచిలోకి వెళ్తున్నాయి.

స్టాండర్డ్ ఉండొద్దా మరి?

ఇదంతా నా క్లాస్‌మేట్‌తో ఫోన్‌లో చెబితే, ఇప్పుడు తనొక కాలేజీలో ప్రొఫెసర్, నెమ్మదిగా విని ఇలా అంది. "నువ్వు చెప్పేది బాగానే ఉందే. కానీ ఒక్కో స్క్లెరోటిక్ పన్ను ఒక్కో రకంగా ఉంటుంది. ఒక గుంపులో పదిహేను పళ్ళు పెడితే పదిహేనూ పదిహేను దారుల్లో పోతాయి. తేడా బాండ్‌ది అని చెప్పాలా, పంటిది అని చెప్పాలా? అందుకే ఒకే రకం పన్ను తీసుకుంటాం."

ఈ మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. పోల్చాలంటే ఏదో ఒకటి కదలకుండా ఉంచాలి, అది పరిశోధన నియమం. రెండు బాండ్లలో ఏది మేలో తేల్చడానికి ఆరోగ్యంగా ఉన్న డెంటిన్ సరైన మొదటి మెట్టే. నా అభ్యంతరమల్లా మొదటి మెట్టు మీదే కూర్చుని మేడ ఎక్కామనుకోవడం గురించి. ఒక బాండ్ మామూలు డెంటిన్ మీద మొదటి స్థానంలో ఉండి స్క్లెరోటిక్ డెంటిన్ మీద మూడో స్థానానికి పడితే, నా పేషెంటుకి పనికొచ్చేది ఆ రెండో వరుస. పళ్ళు రకరకాలుగా ఉంటాయి కాబట్టి కొలవలేం అంటే, పేషెంట్లు కూడా రకరకాలుగానే ఉంటారు కదా. కొలతల్లో చెదురు ఎక్కువ వస్తే ఆ చెదురునే రాయాలి. సగటు ఒక్కటే కాకుండా, ఎన్ని నమూనాలు పరీక్షకి ముందే విడిపోయాయో కూడా రాయాలి. నా దృష్టిలో అది చాలా విలువైన సమాచారం.

ఇంకో సీనియర్ సర్ వాదన వేరు. "డెంటిన్ సంగతి తర్వాత చూద్దువు గానీ అమ్మా, కాటన్ రోల్ సమయానికి మార్చారా, చిగురు నుంచి రక్తం ఆగిందా, బాండ్ రాసి ఇరవై సెకన్లు రుద్దారా, సాల్వెంట్ ఆరేదాకా గాలి కొట్టారా, అది చూడు. ఊడినవాటిలో ఎక్కువ అక్కడే పోతాయి" అంటారు. ఆయన మాట నిజం. ఒక్క చుక్క ఉమ్మి తగిలితే ఏ డెంటినైనా ఒకటే. కానీ బాగా ఆరబెట్టి, శుభ్రంగా చేసిన పని కూడా ఆ పెద్దాయన గాడిలో జారిపోతుంది. చెయ్యి బాగుంటే చాలదు, దేని మీద చేస్తున్నామో కూడా తెలియాలి. పాతబడి నాచుపట్టిన గోడకీ, కొత్త గోడకీ ఒకే సున్నం ఒకే తీరుగా పట్టదని సున్నం వేసేవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.

చివరికి ఈ చర్చలో నన్ను బాగా ఆలోచింపజేసింది నోటిలో చేసిన అధ్యయనాలు. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయం నుంచి పేమన్స్ బృందం 2014లో ఒక సమీక్ష ప్రచురించింది. చిగురు పక్కన పుచ్చు లేకుండా పడ్డ గాళ్ళలో పెట్టిన ఫిల్లింగులు ఏటా ఎంత శాతం ఊడుతున్నాయో అధ్యయనాలన్నీ కలిపి చూశారు. ఆ గాళ్ళకి గోడలుండవు, జిగురు ఒక్కటే ఆధారం, పైగా డెంటిన్ చాలావరకు స్క్లెరోటిక్. అంటే మన చెయిర్‌లో కనిపించే పంటికి దీనికన్నా దగ్గరి పరీక్ష లేదు. గ్లాస్ అయానమర్లలో ఏటా సగటున 2 శాతం ఊడాయి. తక్కువ ఆసిడ్ ఉన్న రెండంచెల సెల్ఫ్ ఎచ్ (విడిగా ఆసిడ్ రాసి కడగక్కర్లేని) బాండ్లలో 2.5. మూడంచెల ఎచ్ అండ్ రిన్స్‌లో 3.1. చాలా క్లినిక్కుల్లో ఎక్కువగా వాడే రెండంచెల ఎచ్ అండ్ రిన్స్ బాండ్లలో 5.8.

ఇప్పుడు ల్యాబ్ లెక్క చూడండి. మామూలు గ్లాస్ అయానమర్‌ని డెంటిన్ నుంచి లాగి కొలిస్తే వచ్చే అంకె చాలాసార్లు పది మెగాపాస్కల్స్‌కి కూడా చేరదు. ఆ రోజు తెర మీద దాన్ని వేసి ఉంటే అన్నిటికన్నా పొట్టి గీత అదే అయ్యేది. నోటిలో మాత్రం అదే ఎక్కువ కాలం నిలిచింది.

దీనికి కారణాలు ఉన్నాయి. గ్లాస్ అయానమర్ గొట్టాల్లోకి దిగాల్సిన పని లేదు, పంటిలోని కాల్షియంతో నేరుగా రసాయన బంధం వేసుకుంటుంది. ఖనిజం ఎక్కువున్న డెంటిన్ దానికి అడ్డంకి కాదు. తక్కువ ఆసిడ్ ఉన్న సెల్ఫ్ ఎచ్ బాండ్లలో వాడే ఎండీపీ అణువు కూడా కాల్షియంని పట్టుకునే రకమే. అది ఖనిజం మొత్తాన్ని కడిగెయ్యదు, కొంత వదిలి దానికే అతుక్కుంటుంది. ఇంకో సంగతి కాలం. ఎచ్ చేసి కడిగాక రెజిన్ అందని కొలాజెన్ పీచులు మిగిలిపోతే, డెంటిన్‌లోనే నిద్రాణంగా ఉన్న ఎంజైములు లేచి వాటిని మెల్లగా కోసేస్తాయి. 2004లో పాష్లే బృందం దీన్ని చూపించాక క్లోర్‌హెక్సిడిన్ రాసి ఆ ఎంజైముల్ని ఆపే ప్రయత్నాలు మొదలయ్యాయి. ఇరవై నాలుగు గంటల పరీక్షలో ఈ నష్టం కనిపించదు, ఏళ్ళు గడిస్తే గానీ తెలియదు.

అలాగని గ్లాస్ అయానమర్ అన్నిటికీ మందు అని నేను అనడం లేదు. అది అరుగుతుంది, ముందు పళ్ళ మీద అందంగా ఉండదు, దవడ పళ్ళ మీద నమిలే బరువుకి విరుగుతుంది. ఎనామిల్ ఎక్కువగా ఉన్నచోట ఫాస్ఫారిక్ ఆసిడ్ ఎచ్‌కి సాటి లేదు. రూట్ కెనాల్ చేసి హైపోక్లోరైట్‌తో కడిగిన పంటి లోపల పరిస్థితి ఇంకో రకం. అక్కడ మిగిలిన ఆక్సిజన్ రెజిన్‌ని గట్టిపడనివ్వదు, ఆస్కార్బేట్‌తో కడిగితే కోలుకుంటుంది. పెళ్ళికి ముందు పళ్ళు తెల్లగా చేయించుకుని ఆ వారంలోనే ఫిల్లింగ్ పెట్టమని అడిగేవాళ్ళని నేను ఒకటి రెండు వారాలు ఆగమని బతిమాలేది కూడా అదే కారణంతో. ఒక్కో డెంటిన్‌కి ఒక్కో మర్యాద ఉంది.

కాబట్టి పీజీ విద్యార్థులకి నాదొక విన్నపం. థీసిస్ టాపిక్ కోసం వెతుకుతుంటే, మీ ఓపీలో చిగుళ్ళ జబ్బుతో ఊడే ఫ్లోరోసిస్ పళ్ళని పేషెంట్ల అనుమతితో, ఎథిక్స్ కమిటీ అనుమతితో దాచండి. ఫార్మలిన్‌లో వెయ్యకండి, అది కొలాజెన్‌ని బిగించేసి కొలతను పాడుచేస్తుంది. క్లోరమిన్-టీ (క్రిములు పెరగనివ్వని మందునీళ్ళు)లో ఉంచండి. టీఎఫ్ ఇండెక్స్ (ఫ్లోరోసిస్‌కి మార్కులు వేసే పద్ధతి) ప్రకారం తీవ్రతను బట్టి విడదీయండి. ఒక ఎచ్ అండ్ రిన్స్ బాండ్, ఒక ఎండీపీ ఉన్న సెల్ఫ్ ఎచ్ బాండ్, ఒక గ్లాస్ అయానమర్ తీసుకోండి. ఒక రోజు తర్వాత ఒకసారి, ఆరు నెలలు నీళ్ళలో ఉంచాక ఇంకోసారి లాగి చూడండి. పళ్ళు సరిపోవడం లేదంటే మా క్లినిక్‌కి రండి, పీకిన పళ్ళు నేను దాచి ఇస్తాను.